మోకరిస్తే అందే చూపు

కనుపాపలో చుక్క పెట్టేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది. గోనెపట్టా మీద మోకరించి, తల పైకెత్తి, పిల్లి మీసమంత సన్నని కుంచెను ప్లాస్టర్ మరియమాత కంటికి ఆనించి తీసింది. అప్పుడు ఊపిరి వదిలింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజూ ఇంతే.

చర్చిల్లో పెట్టే బొమ్మలు, వాళ్ళ మాటలో స్వరూపాలు, చేసే ఆ షెడ్డులో ఆమెను అందరూ కళ్ళక్క అంటారు. అచ్చులు పోసేవాళ్ళు మారారు, రంగులు వేసేవాళ్ళు మారారు, కళ్ళు మాత్రం ఆమెవే. పొట్టి మనిషి. చూపుడువేలికి అంటిన నీలం రంగు ఏ సబ్బుకూ లొంగదు. "మా ఇంట్లో అన్నం మెతుకు కూడా ఆకాశం చూసొస్తుంది" అని భర్త వేళాకోళం. ఈ పొద్దున క్యారేజీ అందిస్తూ, "చెంచా పెట్టాను. నీ నీలం నువ్వు తినకు" అన్నాడు. ఆమె బస్సులో దారి పొడుగునా తనలో తను నవ్వుకుంది.

నిలబడి దిద్దితే పని సుళువే. కానీ పని నేర్పిన పాత యజమాని ఒప్పుకునేవాడు కాదు. "నిలబడి ముచ్చటపడేవాడికి ఆ చూపు అందకూడదమ్మా. మోకరించినవాడికి అందాలి. అందగానే వాడు కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుకుంటాడు. బొమ్మ పని అక్కడితో సరి" అనేవాడు. ఆయన పోయి పదేళ్ళు. ఆమె మోకాళ్ళు అరిగాయి గాని అలవాటు మారలేదు.

నాలుగడుగుల స్వరూపం అది. రెండో కన్ను మొదలుపెట్టబోతే దాని లోపలి కొసన సూది దూరేంత చిల్లు కనిపించింది. గాలి బుడగ అనుకుంది. అచ్చుల్లో అది మామూలే. ప్లాస్టర్ ముద్ద కలుపుతుంటే అచ్చులు పోసే అతను గబగబా వచ్చాడు.

"అక్కా, దాన్ని ముట్టుకోకు. కావాలనే పెట్టించారు."

"కంట్లో చిల్లు కావాలని పెట్టించడమేంటి తమ్ముడూ?"

అతను గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "తలలో చిన్న సీసా, దాన్నుంచి సన్న గొట్టం. నూనె పోస్తే కన్నీళ్ళలా బొట్టు బొట్టుగా కారుతుంది. దీన్ని చేయించుకుంటున్న చర్చికి జనం తగ్గిపోయారంట. నన్నేం అడగకు, చెప్పింది చేసేవాణ్ణి."

ఆమె చేతిలో ప్లాస్టర్ ముద్ద గట్టిపడిపోయింది.

యజమాని వచ్చాడు. పాతాయన కొడుకు, ఒకప్పుడు ఆమె రంగుగిన్నెలన్నీ బోర్లించిన పిల్లాడే.

"కళ్ళు ఇవాళ అయిపోవాలక్కా. రేపు పొద్దున లారీ."

"ఈ చిల్లు పూడ్చేస్తే అయిపోతుంది బాబూ."

"అదుండాలి. కనపడకుండా రంగెయ్యి చాలు. నీ చెయ్యి దాచినట్టు ఇంకెవరూ దాచలేరు."

పొగడ్త అనుకునే అన్నాడు. ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది.

"నమ్మకం పెరిగితే తప్పేముందక్కా? భక్తి కోసమేగా."

ఆమె కుంచెను గుడ్డకు తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"మా పిల్లకి జ్వరం ముదిరినప్పుడు నేను దిద్దిన స్వరూపం ముందే మోకరించా. ఆ కంట్లోంచి ఒక్క బొట్టు కారినా, ఇంక పిల్ల బతికిపోతుందని ఊరంతా చెప్పడానికి పరిగెత్తేదాన్ని. కారలేదు. లేచి దాని మంచం దగ్గరికెళ్ళి కూర్చున్నా. చివరి మాట నాతోనే మాట్లాడింది బాబూ."

యజమాని తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "సాయంత్రం వస్తా. నువ్వు కాదంటే వేరేవాళ్ళతో చేయిస్తా. ఆ తర్వాత నీకిక్కడ పనుండదు. తప్పుగా అనుకోకు."

మధ్యాహ్నం చెంచాతోనే తింది. కాలు సరిగా లేని మొగుడు, తనకొచ్చే జీతం తప్ప వేరే ఆధారం లేని రెండు గదుల ఇల్లు గుర్తొచ్చాయి. సగం తిని మూత పెట్టేసింది. కొత్తగా ప్లాస్టర్ కలిపింది. గొట్టాన్ని వెనక నుంచి లాగేసి, చిల్లు పూడ్చి, ఆరాక గరుకు కాగితంతో రుద్దింది. అచ్చులు పోసే అతను వచ్చి ఆమె గిన్నెలో నీళ్ళు మార్చి పెట్టాడు. ఆమె మోకరించి రెండో కన్ను దిద్దింది. చూపు తన మీద వాలిందో లేదో చూసుకుంది. వాలింది.

యజమాని వచ్చేసరికి ఆమె బల్ల ముందు మరో చిన్న బొమ్మ, మరియమాత భర్త జోజప్ప కళ్ళ పనిలో ఉంది. అతను మరియమాత కంటి కొసను వేలితో తడిమాడు.

"రేపు మళ్ళీ తొలిచేస్తారక్కా. ఏం సాధించినట్టు?"

"నా చేతిలోంచి వెళ్ళేటప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి. నాది అంతవరకే బాబూ."

అతను ఆమె వేళ్ళ మధ్య నుంచి కుంచె తీసుకున్నాడు. లాక్కోలేదు, మెల్లగానే తీసుకున్నాడు. ఆమె పైట సర్దుకుని, క్యారేజీ పట్టుకుని, ఎప్పటిలాగే "వస్తా" అని బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున ఎవరో సన్న మేకుతో వచ్చి కంటి కొస తొలిచి, గొట్టం మళ్ళీ దూర్చి పని కానిచ్చారు. లారీ వెళ్ళిపోయింది. బల్ల మీద జానెడు జోజప్ప మిగిలాడు. ఒక కన్ను కిందికి, ఇంకా ఎవరూ మోకరించని చోటికి చూస్తోంది. రెండోది తెల్లటి ప్లాస్టరే.