అరగని కంచుకు అరుగుదల లెక్క

లెక్కల విభాగం నుంచి ముర్తిని వస్తోందంటే ఎంతటి ప్రొఫెసరుకైనా గుండెల్లో రాయి పడేది. సోలో నగరంలోని ఆ ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఏ డిగ్రీకి ఎంత వస్తోంది, ఎంత పోతోంది అని తేల్చేది ఆవిడే. మూడేళ్ళు వరసగా నష్టం చూపితే ఆ డిగ్రీకి ఇక ప్రవేశాలుండవు. గమెలాన్ అనే కంచు వాద్యాల డిగ్రీకి ఇది మూడో ఏడు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ పాఠమే చెబుతున్న వగిమాన్ మాస్టారు ఆవిడ మీద మంటతో ఉన్నారు.

"రండమ్మా. శవానికి కప్పే కఫన్ గుడ్డ మీరే తెచ్చారా, అది కూడా మా ఖర్చేనా?"

"అది తరవాత చూద్దాం. ముందు పూల రసీదులివ్వండి మాస్టారూ."

"గురువారం గురువారం పెద్ద గంటకి పెట్టే పూలకి రసీదులా! బజార్లో ముసలమ్మ ఇస్తుందా?"

"అడిగితే ఇస్తుంది. మీరు అడగలేదు."

మాస్టారికి ఒళ్ళు మండింది. అయినా ఒకటి గమనించారు. ఆవిడ ఎవరూ చెప్పకుండానే చెప్పులు బయట విడిచింది, ఒక్క వాద్యాన్నీ దాటకుండా చుట్టూ తిరిగి వచ్చి చాప మీద కూర్చుంది. మూడు రోజులు అలాగే కాగితాలు తిరగేసింది. మూడో రోజు తలెత్తింది.

"ఈ వాద్యాలకి ఏటా ఇరవై కోట్ల రూపియా అరుగుదల ఖర్చని రాసి ఉంది. ఏం అరుగుతోంది?"

"అరగడమా! కొత్త కంచు శ్రుతి నిలబడటానికే ముప్ఫై ఏళ్ళు కావాలి. మా క్యాయి సెమిలిర్ ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్నాడు!" ఆ వాద్యాలన్నిటికీ కలిపి పెద్దలు పెట్టిన పేరది.

"మరి ఈ నూట అరవై కోట్ల విలువ ఎవరు కట్టారు?"

"మూడేళ్ళ కిందట మీవాళ్ళే ఎవరినో పంపారు. కొన్నది రెండు కోట్లకే. పాతదని అంత రాసిపోయారు."

మూడేళ్ళు అనగానే ముర్తిని కలం ఆగిపోయింది. ఇంకేమీ అడగకుండా లేచింది.

మర్నాడు మాస్టారిని కూడా పిలిపించి, విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడి ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

"పాతబడిందని విలువ పెంచిందీ మనమే, పాతబడుతోందని ఏటా కోసిందీ మనమే. ఈ వాద్యాలను కుర్చీలూ బల్లల పద్దులో పడేశాం. ఆ అరుగుదల తీసేస్తే, పద్దెనిమిది కోట్ల నష్టం పోయి రెండు కోట్లు మిగులుతోంది."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "మూడేళ్ళూ ఈ లెక్క మీద సంతకం ఎవరిదమ్మా?"

"నాదే. తప్పూ నాదే. అందుకే ఇది చెప్పడానికి ఇంకొకరిని పంపకుండా నేనే వచ్చాను."

మూలన కూర్చున్న మాస్టారు తలెత్తి ఆవిడ వైపు చూశారు. తన తప్పును ఇంత తాపీగా బల్ల మీద పెట్టిన మనిషిని ఆయన ఆ భవనంలో ఎన్నడూ చూడలేదు. కఫన్ మాట గుర్తొచ్చి సిగ్గుపడ్డారు. ప్రవేశాలు ఆపకూడదని అక్కడికక్కడే తేలింది.

మెట్ల దగ్గర ఆవిడను అందుకున్నారు. "శనివారం మా పిల్లల కచేరీ ఉంది. మీకు ముందు వరసలో కుర్చీ వేయిస్తాను."

"నన్ను వదిలేయండి మాస్టారూ. నాకు సంగీతం ఒంటబట్టదు. ఆ మోత వింటే నిద్రొస్తుంది. లెక్క తప్పింది, దిద్దాను."

మాస్టారు పకపకా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఇష్టమైనదాన్ని కాపాడటం ఆయనకు తెలిసిన పనే. ఈవిడ అంతకన్నా పెద్ద మనిషి అనిపించింది.

గురువారం బజార్లో పూలు కట్టించుకుని, కదలకుండా నిలబడ్డారు.

"రసీదు రాసివ్వమ్మా."

ముసలమ్మ వింతగా చూసింది. "ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ అడగలేదే! ఎవరికిప్పుడు?"

"ముర్తిని గారికి. అంకె సరిగ్గా వెయ్యమ్మా."