పంపు విప్పే వేళ

మా జామ్ ఫ్యాక్టరీకి కొత్త పంపు కొనడమంటే పెళ్లి సంబంధం కుదుర్చుకున్నంత తతంగం. స్ట్రాబెర్రీ చితక్కుండా, పండు పండుగానే సీసాలోకి దిగాలి. ఆ పేరు మీదే బతుకుతున్నాం. ఉడికిన పండుని బానలోంచి సీసాలు నింపే మెషీన్ దాకా తోసేది పంపే. గిర్రున తిరిగే మామూలు పంపు పెడితే లోపలికి వెళ్లేది పండు, బయటికి వచ్చేది గుజ్జు. అందుకే నాన్న, ఒకదాన్నొకటి తాకకుండా నెమ్మదిగా తిరిగే రెండు స్టీలు రెక్కల పంపుని ఏనాడో ఏరికోరి తెచ్చాడు. ఇప్పుడు దాని సీలు అరిగి పాకం కారుతోంది. స్పేర్లు ఎక్కడా దొరకడం లేదు.

నాన్న పోయాక ఫ్యాక్టరీ నేనే చూసుకుంటున్నాను. అమ్మకి వేళ్ల నొప్పులు. అయినా రోజూ సాయంత్రం వచ్చి పంపు విప్పి, కడిగి, మళ్లీ బిగించి వెళ్తుంది. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వదు. ఇంట్లో ఒక్కతే కూర్చుంటే దిగులుతో మంచం పడుతుందని నా భయం. ఆ పంపు కోసమైనా గడప దాటుతోంది కదా! అందుకే కొత్తది కూడా చేత్తో విప్పి కడిగేదే అయి తీరాలని భీష్మించుకుని కూర్చున్నాను.

నాన్నకి మాటలంటే పడేది కాదు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. ఏదడిగినా 'ఊఁ', మహా అయితే 'ఊహూఁ'. వర్కర్లు చాటుగా 'సైలెన్సర్' అని పేరు పెట్టారు. కానీ సాయంత్రం మెషీన్లు ఆగి, పంపు మూత ఊడదీసి దాని ముందు కూర్చున్నాడంటే మనిషే మారిపోయేవాడు. ఆయన ఒక్కో భాగం విప్పి అందిస్తే అమ్మ వేడినీళ్లలో కడిగి తెల్లగుడ్డ మీద ఆరబెట్టేది. ఏ సందులోనైనా జామ్ మిగిలిందేమోనని ఆయన వేలితో తడిమి చూసేవాడు. పిసరంత మిగిలినా రేపటికి పులుస్తుందన్నది ఆయనకి వేదం. అలా తడుముతూనే కబుర్లు మొదలుపెట్టేవాడు. చిన్నప్పుడు ఈతకి వెళ్లి చెప్పులు పోగొట్టుకుని, తమ్ముడి చెప్పులేసుకుని ఇంటికొచ్చిన సంగతి. టైలరు చొక్కాకి ఒక చెయ్యి పొట్టిగా కుట్టి, తప్పు నాన్న చేతిదేనని వాదించిన సంగతి. నేను బడి నుంచి నేరుగా వచ్చి, చక్కెర బస్తాల మీద కాళ్లు ఊపుకుంటూ వినేదాన్ని.

"మీ నాన్న పంపు విప్పితే తప్ప నోరు విప్పడు" అని అమ్మ నవ్వేది. మా ఇంట్లో 'విప్పే వేళ' అన్న మాట అలా పుట్టింది. ఏదైనా అడగాలన్నా, అలక తీర్చుకోవాలన్నా విప్పే వేళ దాకా ఆగేవాళ్లం. నన్ను పై చదువులకి పంపాలన్నది అక్కడే తేలింది. నాకు పెళ్లి వద్దని ఒప్పించిందీ అక్కడే. ఆ వేడినీళ్ల ఆవిరి, ఆ పాకం వాసన, దాని మధ్య నాన్న గొంతు తలుచుకుంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది. అంత హాయిగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

పంపులమ్మే ఆయన రెండు నమూనాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ పండుని నలపవు. రెండింటిలోనూ పండు తగిలే చోటల్లా అద్దంలాంటి స్టీలే. మొదటిది చేత్తో విప్పి కడగాలి. రెండోది మూసి ఉండగానే మందునీళ్లు, వేడినీళ్లు దానిలోంచి పరుగెత్తించి శుభ్రం చేయవచ్చు. అడుగున చుక్క నిలవదు. ఆయన రెండోదాన్ని ఆకాశానికెత్తేశాడు. నాకు ఒళ్లు మండింది. మూత తీయకుండా గిన్నె కడిగానంటే ఏ ఇల్లాలైనా నమ్ముతుందా అని దులిపేశాను.

పాపం, నాతో వేగలేక ఆయన పక్కనే ఉన్న మా అమ్మ వైపు తిరిగాడు.

"ఏమ్మా, విప్పడం కష్టంగా ఉంటోందా?"

ఆయన అడిగింది నట్ల సంగతి. అమ్మకి మాత్రం ఆ మాట మా ఇంటి మాటలాగే వినబడింది. పాత పంపు వైపు చూసింది.

"కష్టంగానే ఉంది బాబూ. విప్పడానికి మనిషి లేడు."

"అదేనమ్మా నేను చెప్పేది. ఈ రోజుల్లో మనుషులు ఎక్కడ దొరుకుతున్నారు?" అన్నాడాయన, బేరం కుదిరిందన్న ఉత్సాహంతో. ఆయన కాగితాలు తేవడానికి బండి దగ్గరికి వెళ్లగానే అమ్మ రెండో పంపు మీద చెయ్యి వేసి, ఇదే తీసుకోమంది.

"మరి విప్పే వేళో?" అన్నాను.

"అది మీ నాన్నతోనే పోయిందే. ఇప్పుడున్నది కడిగే వేళ. ఒక్కదాన్నీ కూర్చుని కడుగుతుంటే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం వినబడదు. నువ్వేమో నీ ఆఫీసు అద్దాల గదిలోంచి చూస్తుంటావు. అమ్మ నాన్నని తలుచుకుంటోంది, కదిలించకూడదు అనుకుంటావు. తలుచుకోడానికి నాకు పంపెందుకే? మాట్లాడుకోడానికి మనిషి కావాలి."

ఊళ్లో అందరినీ మాటలతో కడిగేసే నన్ను ఆ పూట మా అమ్మ కడిగేసింది. పంపులాయన కాగితాలు తేగానే రెండోదానికే సంతకం పెట్టాను.

కొత్త పంపు వచ్చింది. మొదటి సాయంత్రం సీసాలు నింపడం అయ్యాక మీట నొక్కితే నీళ్లు వాటంతట అవే తిరగడం మొదలుపెట్టాయి. చేసే పనేమీ లేకపోయినా అమ్మ వచ్చింది. నేను అద్దాల గదికి తాళం వేసి, రెండు స్టూళ్లు లాగి పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక, సీలు బాగుందమ్మా, ఒక్క చుక్క కూడా కారడం లేదు అన్నాను.

"దాని సంగతి పంపులాయన చూసుకుంటాడు" అంది అమ్మ. "నీ సంగతి చెప్పు."