కాకిబంగారం పండుకున్న తీరు

అకీకు రాతి కల్వంలో మట్టి నూరుతున్నంతసేపూ నుస్రత్ ఈ లోకంలో ఉండదు. రాయి మీద రాయి తిరిగే సన్నని చప్పుడు కూతురు తమన్నా నిద్రలో తీసే ఊపిరిలా వినబడుతుంది. మణికట్టు దానంతటదే తిరుగుతుంది. పలుకు తగలకుండా నూరాలి, అట్లని ప్రాణం తీసేదాకా నూరొద్దు. అతిగా నూరితే లోపలి అమరికే చెదిరి, మట్టిలో ఏ ఖనిజాలున్నాయో చూపే ఎక్స్‌రే మిషన్ గీసే శిఖరాలు వెడల్పయి కూలబడతాయి. ఇంటర్ సగంలో ఆపేసిన ఆమెకు ఈ ముచ్చట ఏ పుస్తకమూ చెప్పలేదు. ఈ కాలేజీ ల్యాబులో రెండేండ్లుగా నూరిన చేతులే చెప్పాయి.

"పొడి నూరుడు గూడ ఒక నౌకరేనా? మిక్సీ చెయ్యదా?" అన్నాడు పొద్దున భర్త కాశిఫ్. అత్త తాహెరా బేగం ఊరుకుంటుందా? "ఇంట్ల మసాలా నూరమంటె చేతులు గుంజుతయి. ఆడ మట్టి నూరనీకి మాత్రం సింగారించుకొని పోతది." మొన్న పాపకు జ్వరమొచ్చింది. నిన్న నుస్రత్ సెలవు పెట్టి దవాఖానకు తీసుకపోయింది. జ్వరం దిగింది గానీ నేరం మాత్రం ఆమె మీదనే నిలబడింది. నౌకరి మానేస్తున్నానని కాశిఫే కాగితం రాసి, "సంతకం ఒక్కటి పెట్టియ్యి, ఎక్కువ ఆలోచించకు" అని ఆమె బ్యాగులో పెట్టాడు. బిడ్డను వదిలిపోయే తల్లి తల్లేనా అని, మట్టెవాడ నుంచి ఆటోలో వచ్చినంతసేపూ ఆమె గుండె ఆమెనే అడిగింది.

"నుస్రత్, ఇటు చూడు. ఏటూరునాగారం మట్టిల కొత్తదేదో దొరికినట్టుంది." రీసెర్చి చేసే ఉమాకాంత్ పిలిచాడు. తెర మీద ఒకే ఒక్క శిఖరం ఆకాశానికి లేచింది. మిగతావన్నీ నేలకు అంటుకుపోయాయి.

"నిన్న అచ్చుల పొడి మీరే నింపిండ్రా సార్?"

"నువ్వు రాకపోతివి. గాజుపలకతోని అదిమి, మంచిగ సాపు చేసిన."

ఆ మట్టిలో కాకిబంగారం, అంటే తళుకులీనే అభ్రకం, పొరలున్నాయి. అదిమితే అన్నీ ఒక్క దిక్కుకే మొహం పెట్టి పండుకుంటాయి. ఆ ఒక్క మొహమే మిషన్‌కు కనబడుతుంది, మిగతా మొహాలు ఉండీ లేనట్టే. కాశిఫ్ భార్య, తాహెరా బేగం కోడలు, తమన్నా తల్లి. ఇంట్లో తనను ఎవరెవరు ఎటు అదిమారో నుస్రత్‌కు ఒక్కసారిగా కండ్లకు కట్టింది.

"కొత్తది గాదు సార్. పొరలన్ని పండుకున్నయి. ఎనుక నుంచి మెల్లగ నింపాలె."

"నీకేం ఎరుక? గైడుకు పంపబోతున్న."

"జర ఆగుండ్రి. ఒక్క గంట."

పొడి కింద రాలకుండా పరచడానికి శుభ్రమైన కాగితం కావాలి. బ్యాగులో ఒకటే ఉంది. నుస్రత్ దాన్ని బల్ల మీద పరిచి, అచ్చును బోర్లా పెట్టి, వెనుక నుంచి పొడిని అదమకుండా నింపింది. సంతకం పెట్టాల్సిన చోట తళుకు రాలింది.

గంటకు శిఖరాలు ఒక్కొక్కటే లేచాయి, సన్నగా, దేని ఎత్తు దానిదిగా. ఉమాకాంత్ నిన్నటి శిఖరాన్ని పక్కన పెట్టి చూశాడు. "గైడుకు పంపకపోవుడే మంచిదైంది," అన్నాడు.

ఫోన్ మోగింది. "సంతకం పెట్టినవా?" కాశిఫ్.

నుస్రత్ కాగితాన్ని మధ్యకు మడిచి, రాలిన పొడిని సీసాలోకి ఒంపుకుంది.

"పెట్టలె. రేపు పాపకు పదింటికి మందు తాపాలె. మీరు తాపుండ్రి."