కుసుమకుమారి నిలబడిన కాలవ

పొద్దున్న ఆరింటికల్లా కుసుమకుమారి చేపల తట్ట నెత్తికెత్తుకుని జాలరిపేట దాటేది. శ్రీకూర్మం దాకా నడిచి, వాడుక ఇళ్లన్నీ తిరిగి, ఎండ ముదరకముందే ఖాళీ తట్టతో వచ్చేసేది. బేరం దగ్గర ఆమె నోరు పెద్దదే గాని, ఏ గుమ్మంలోనూ ఎక్కువసేపు నిలబడేది కాదు. నిలబడితే ఆమె పాదాల చుట్టూ సముద్రపు నీరు ఊరేది. ముందు వేళ్ల సందుల్లో తడి, కాసేపటికి అరికాళ్ల కింద మడుగు, ఇంకాసేపుంటే చీలమండల దాకా ఉప్పునీరు. ఒక్కోసారి అందులో పీతపిల్ల కూడా పాకేది.

పుట్టిన దగ్గర్నుంచీ అంతే గనక దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. ఎవరి జాగ్రత్తలో వాళ్లుండేవారు. ఉప్పు తగిలితే చేను పోతుందని రైతులు ఆమెను వరిగట్ల మీద ఆగనిచ్చేవారు కాదు. ఆటోవాళ్లు కాళ్లు బయటికి వేలాడేసుకోమనేవారు. పేట పెద్ద అసిరయ్య, ఆరేసిన వలలు తడిసిపోతాయని, ఒడ్డు వైపు కనిపిస్తే చాలు దూరంగా పొమ్మనేవాడు. వంట చేసినా, పెళ్లికెళ్లినా, గుడికెళ్లినా ఆమె రెండడుగులు అటూ ఇటూ వేస్తూనే ఉండాలి. నలభై ఆరేళ్లొచ్చాయి, స్థిమితంగా ఒక్కచోట నిలబడి ఎరగదు.

ఆమె భర్త ధనరాజు తెప్పలు కట్టేవాడు. నాలుగు తేలిక దుంగలు పక్కపక్కన పేర్చి, కొబ్బరి తాడుతో బిగించి, సముద్రం మీదికి తోస్తే అదే తెప్ప. మేకులుండవు, ఇంజనుండదు. ఆ తాళ్లన్నీ పేనేది కుసుమకుమారే. పేటలో అందరూ ఫైబర్ పడవలు కొనుక్కున్నాక తెప్ప కట్టడం వచ్చినవాడు ధనరాజొక్కడే మిగిలాడు. ఇంకా దాన్నెందుకు పట్టుకుని వేలాడతావని జనం నవ్వితే, మునగని పడవ ఇంకోటుంటే చూపించమనేవాడు.

రెండేళ్ల కిందట ఒర్సోలా అనే ఇటలీ ఆవిడ పాతకాలపు పడవల గురించి రాసుకోడానికి వచ్చింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చరిత్ర చెప్పే త్రినాథ్ ఆవిడకి మాటలు అందించడానికి వెంట వచ్చాడు. ధనరాజు తెప్ప చూసి ఆవిడ వారంరోజులు పేట వదల్లేదు. తర్వాత వెనిస్ నుంచి కబురొచ్చింది. అక్కడ ఏటా ఒకరోజు మోటారు పడవలన్నీ ఆపేసి, తెడ్డేసే పడవలు మాత్రం కలిసి ఊరు చుట్టొచ్చే పండగ ఒకటుంది. దానికి తెప్పతో రావాలి, ఖర్చులన్నీ వాళ్లవే. తెప్పకు ఇద్దరుండాలి గాని, రెండో తెడ్డుకి అక్కడే మనిషిని ఇస్తామన్నారు. ధనరాజు తాళ్లు పేనే మనిషి లేకుండా తాను కదలనన్నాడు. అలా కుసుమకుమారికీ పాస్‌పోర్టు వచ్చింది. మాటలు అందించడానికి త్రినాథూ బయల్దేరాడు.

దుంగలు ముందే ఓడలో వెళ్లిపోయాయి. విశాఖపట్నం విమానాశ్రయంలో తనిఖీ చేసే ఉద్యోగి, సామానులో నీళ్లూ నూనెలూ ఉండకూడదని చెబుతూ చెబుతూ ఆమె పాదాల వైపు చూసి, "అమ్మా, మీరు ఆగకండి, నడుస్తూ ఉండండి" అన్నాడు. విమానంలో దారి పొడుగునా ఆమె సీటు మీద మఠం వేసుకునే కూర్చుంది.

వెనిస్‌లో దిగిన మొదటి రోజు ధనరాజు తల తిప్పిన చోటల్లా నీళ్లే. ఇళ్లు నీళ్లలోంచి లేచాయి. వీధులుండాల్సిన చోట కాలవలు, బస్సులుండాల్సిన చోట పడవలు. చెత్తబండి పడవే, అంబులెన్సు పడవే, శవాన్ని తీసుకెళ్లేదీ పడవే. నల్లగా నిగనిగలాడే పడవల్లో కొత్త దంపతులు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయి తిరుగుతున్నారు. ప్రపంచం నలుమూలల నుంచీ పెళ్లయినవాళ్లు ఇక్కడికే వస్తారని త్రినాథ్ చెప్పాడు. ధనరాజు కళ్లు మాత్రం ఆ జంటల మీద లేవు. వెనక నిలబడి ఒక్క తెడ్డుతో, ఒక్క పక్క నుంచే వేసుకుంటూ పడవను తిన్నగా నడిపిస్తున్నవాళ్ల చేతుల మీదున్నాయి.

కుసుమకుమారికి మాత్రం ఊరు మొదటి గాలికే తెలిసిపోయింది. పాచి, ఉప్పు, తడి గోడ, చేప. చేపల బజారుకు తీసుకెళ్లమని తనే అడిగింది. అక్కడ రొయ్యలు, తాము కక్కిన సిరాలోనే నల్లబడ్డ పదికాళ్ల కండవాలు, మంచు మీద పేర్చిన చేపలు చూసుకుంటూ వెళ్లి, ఒక చేప మొప్ప ఎత్తి చూసి, అమ్మేవాడి ముఖంలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. వాడు నవ్వేసి, అడుగున దాచిన తాజా చేప తీసి చేతిలో పెట్టాడు. భాష అవసరం పడలేదు.

"మనకి పెళ్లయి ఇరవయ్యారేళ్లయినాది. ఇద్దరం కలిసి ఎక్కినది శ్రీకాకుళం బస్సొక్కటే" అంది ఆమె వంతెన ఎక్కుతూ. మెట్లు పాచిపట్టి ఉన్నాయి. ధనరాజు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చుట్టూ చూసింది. ఎవరూ వాళ్లను చూడటం లేదు. వంతెన దిగాక కూడా అతను ఆ చెయ్యి వదల్లేదు.

సాయంత్రం పోటు వచ్చింది. పెద్ద చర్చి ముందున్న రాతి మైదానంలో తూముల్లోంచి నీళ్లు పైకొచ్చాయి. జనం రబ్బరు బూట్లు తొడుక్కున్నారు, కాఫీ కొట్లవాళ్లు నీళ్లలోనే కప్పులు మోస్తూ తిరిగారు, వాయిద్యాలు ఆగలేదు. కుసుమకుమారి చెప్పులు విప్పి మైదానం నడిమధ్యకు వెళ్లి నిలబడింది. ఆమె నీళ్లేవో ఊరి నీళ్లేవో తెలియలేదు. జరగమని ఎవరూ అనలేదు. పావుగంటయింది, అరగంటయింది.

"కాళ్లు నొప్పులెట్టవేటే?" అన్నాడు ధనరాజు.

"ఎట్టనీ మావ."

తెప్ప కట్టడానికి మూడు రోజులు పట్టింది. రెండో తెడ్డు వేయాల్సిన మనిషి పేరు బెప్పె. యాభై దాటిన వస్తాదు, పుట్టిందీ పెరిగిందీ పడవల మీదే. కాని తెప్ప పడవ కాదు. దుంగల సందుల్లోంచి నీళ్లు పైకొస్తూనే ఉంటాయి, కెరటంతోపాటు మనిషీ వంగాలి. తెప్ప నీళ్లలోకి దించిన మొదటిరోజు బెప్పె నాలుగుసార్లు పడ్డాడు. రెండోరోజు పడి మోకాలు బెణికింది. పండగ తెల్లారితే. ఒడ్డున కుంటుకుంటూ నిలబడి, కుసుమకుమారి వైపు వేలు చూపించి, ఈవిడ పాదాలకు నీళ్లు అలవాటే కదా, ఈవిడ ఎక్కితే సరిపోదా అన్నాడు. త్రినాథ్ ఆ మాట తెలుగులో చెప్పడానికి కాస్త తటపటాయించాడు.

ధనరాజు నేల చూపులు చూశాడు. "మన కాడ ఆడోళ్లు తెప్పెక్కరు."

"ఇది మన కాడ కాదు కదా."

"సముద్రం ఎక్కడైనా ఒకటే గదే కుసుమా."

ఆమె తాడు పేనడం ఆపింది. "ఒకటే. పుట్టిన కాడి నుంచీ అది నా ఎనకాలే తిరుగుతన్నాది. నాను దాని మీదకెక్కితే తప్పేటి మావ?"

అతను రెండో తెడ్డు తీసి, పిడి తన అంగోస్త్రంతో తుడిచి, ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు వందల పడవలు బయల్దేరాయి. చిన్నప్పుడు ఉప్పుటేరులో అరటిబోదెల మీద ఆడుకోవడం తప్ప ఆమె తెడ్డు పట్టింది లేదు. అయినా ఇరవయ్యారేళ్లుగా అతను తెడ్డు వేయడం దూరం నుంచి చూసి చూసి, ఎప్పుడు వంగాలో ఎప్పుడు లాగాలో ఆమె ఒంటికి తెలుసు. మొదటి గంటలో అరచేతులు బొబ్బలెక్కాయి. రెండో గంటకి ఇద్దరి ఊపిరీ ఒక్క వరసలో పడింది. దీవుల పక్క నుంచి, ఎర్ర ఇటుక గోపురాల పక్క నుంచి తెప్ప సాగింది. ఒడ్డున జనం ఆ దుంగలు చూసి మొదట నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు.

చివరి మలుపు ఇరుకు కాలవ. రెండింటికి గంట కొట్టేలోపు అది దాటితేనే చుట్టు పూర్తయినట్టు. కాని ఆ రోజు ఆటు ఎవరూ అనుకోనంతగా తీసింది. కాలవలో నీళ్లు పోయి నల్లటి బురద తేలింది. ముందు వెళ్లిన పడవలు అడ్డదిడ్డంగా కూరుకుపోయాయి, వెనకవి వచ్చి వాటి మీద పడుతున్నాయి. తెప్పకు జానెడు నీళ్లు చాలు గాని ముందు దారి లేదు. మళ్లీ పోటు రావడానికి మూడు గంటలు పడుతుందని, ఈ ఏటికి ఇంతేనని మైకులో చెప్పారు. ఏడాదంతా దీనికోసం చేతులు కాయలు కాయించుకున్నవాళ్లు తెడ్లు కింద పడేశారు. పక్క పడవలో ఒక ముసలాయన ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

ధనరాజు కూడా తెడ్డు దించేశాడు. "ఇంతవరకూ వచ్చినాం. చాల్లే" అన్నాడు.

కుసుమకుమారి చీర కుచ్చిళ్లు దోపుకుని బురదలోకి దిగింది.

"నిలబడతాను మావ. ఇక్కడ ఎల్లిపొమ్మనేవోడు ఎవుడూ లేడు."

వేళ్ల సందుల్లో నీరు ఊరింది. చీలమండలు మునిగాయి. అంతవరకే ఆమెకు తెలుసు, ఆ పైన ఎప్పుడూ చూడలేదు. ఆమె కదల్లేదు. పిక్కల దాకా వచ్చింది, మోకాళ్ల దాకా వచ్చింది. నీళ్లు కాలవలోకి దిగే పక్కింటి పల్లపు గుమ్మం దాకా పాకాయి. ఇక్కడా పొమ్మంటారనుకుంది కుసుమకుమారి. అలవాటు కొద్దీ కాలు ఎత్తింది. అంతలో ఆ ఇంటి ముసలమ్మ బయటికొచ్చి చూసి, గుమ్మానికి అడ్డపలక బిగించుకుని, కానివ్వమన్నట్టు చెయ్యూపింది. కుసుమకుమారి ఎత్తిన కాలు మళ్లీ బురదలో దించింది.

నడుం దాకా వచ్చేసరికి మొదటి పడవ కిర్రుమని లేచింది. దాని వెనక ఇంకోటి. తర్వాత కాలవ పొడుగునా ఒక్కొక్కటే బురద విడిచి నిటారుగా తేలాయి. ధనరాజు వంగి ఆమె రెండు చేతులూ పట్టుకుని తెప్ప మీదికి లాగాడు.

ఒక్క పడవా ముందుకు పోలేదు. అన్నీ చెరో పక్కకి ఒత్తిగిలి మధ్యలో దారి వదిలాయి. అందరూ లేచి నిలబడి తెడ్లు నిలువుగా పైకెత్తారు. ఆ ఊళ్లో రాజులొచ్చినా అంతకు మించిన మర్యాద లేదని వంతెన మీంచి త్రినాథ్ అరిచి చెప్పాడు. ఆ తెడ్ల నడుమ నుంచి తెప్ప అందరికంటే ముందు వెళ్లింది. దాని వెనక వందల పడవలు. గంట కొట్టడానికి ఇంకా ఏడు నిమిషాలుంది.

రేవులో మైకు పట్టుకున్నాయన దగ్గరున్న కాగితంలో ధనరాజు పేరు, బెప్పె పేరు ఉన్నాయి. చదవబోతుంటే ధనరాజు ఆపమన్నాడు. "ఈవిడ పేరు కుసుమకుమారి. ముందు అది సెప్పమనండి, త్రినాథ్ గారూ. నా పేరు తరవాత."

నోరు తిరగని ఆ మనిషి మూడుసార్లు ప్రయత్నించి చివరికి సరిగ్గానే పలికాడు. రేవంతా ఆ పేరు తిరిగి పలికింది. ఇరవయ్యారేళ్లలో ఎప్పుడూ లేనిది, ధనరాజు అందరి ముందూ ఏడ్చాడు.

పేటకు తిరిగొచ్చిన మూడో రోజున మొగుడూ పెళ్లాం కలిసి ఒడ్డునున్న పాత తెప్ప తోసుకుని వేటకెళ్లారు. పదకొండింటికి తట్ట నిండా చేపలతో వచ్చారు. ఒడ్డున ఉన్నవాళ్లంతా చూశారు. అసిరయ్య ఆరేసిన వలలు పక్కకి లాక్కున్నాడు గాని పొమ్మనలేదు. సాయంత్రం కుసుమకుమారి వాకిట్లో తాడు పేనుతుంటే పక్కవీధి రాణి వచ్చి గడప మీద కూర్చుంది. ఇద్దరు పిల్లల తల్లి, చేపల తట్ట మోసే మనిషే. కాసేపు ఆ కబురూ ఈ కబురూ చెప్పి, అప్పుడు అడిగింది.

"అప్పా, ఆడోళ్లకి తెప్ప మీద నిలబడ్డం కష్టమేటి?"

కుసుమకుమారి తాడు చివర ముడేసి పళ్లతో బిగించింది.

"తెల్లారగట్టే రా. సీర బిగించి కట్టుకో" అంది.