కాయిలు మీది కారం

మిరప కల్లాలు ఎర్రబడ్డాయంటే నాగజ్యోతికి గండమే. ఊరి గాలంతా ఘాటు, ఆమె ఊపిరంతా పిల్లికూతలు. అందుకే ఆమె భర్త అంకమ్మరావు, చుట్టాలు నవ్వినా వినకుండా, పత్తి అమ్మిన డబ్బు పోసి ఏసీ ఉన్న పాత కారు కొన్నాడు. అద్దాలు బిగించి ఆమెను గుంటూరు డాక్టరు దగ్గరికి చేరిస్తే చాలనుకున్నాడు.

ఈ ఏడు ఆ ఏసీయే మొండికేసింది. చల్లదనం మాట అటుంచి, వేయగానే ఆమెకు దగ్గు తెర. గ్యాసు పట్టించాడు, బెల్టు మార్పించాడు. "బుద్ధి గడ్డితిని ఈ డొక్కు కొన్నాను" అని ఆమె ముందే తనను తాను తిట్టుకున్నాడు. ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి చూసేది.

ఆ పొద్దున మళ్ళీ డాక్టరు దగ్గరికి పోవాలి. బానెట్ ఎత్తాడు. స్విచ్చి వేస్తే కంప్రెసరు టక్కున అందుకుంది. పైపు ముట్టుకుంటే చల్లగా, చెమట పట్టి ఉంది. గ్యాసుకు లోటు లేదు. లోపల మాత్రం బ్లోయరు రొదే గానీ వచ్చే గాలి అంతంతే. దారిలో ఏదో అడ్డం పడిందన్నమాట. డ్యాష్‌బోర్డు కింది పెట్టె ఊడదీసి, కూలింగు కాయిలు మూత తీశాడు.

కాయిలు మీద దుప్పటి పరిచినట్టు ఎర్రటి ధూళి. అందులో గింజలు, తొడిమ ముక్కలు. తుమ్ములు ఆగాక అతను ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపాడు. కారులోని గాలినే లాగి చల్లబరిచే మిషను అది. కారులో లేనిది అందులోకి రాదు.

అప్పుడే నాగజ్యోతి తమ్ముడు, మిర్చి బేరాలు చేసే లక్ష్మీకాంత్ వచ్చాడు.

"ఏంది బావా, కారు పేగులన్నీ బయటేశావు?"

అంకమ్మరావు దోసిట్లోకి ధూళి రాల్చి చూపించాడు. "ఇదేందిరా?"

"దుమ్ము."

"నాకి చూడు."

లక్ష్మీకాంత్ నవ్వబోయి మానుకున్నాడు. "ఊరంతా కారమే గదా బావా."

"తొడిమలు కూడా ఎగిరొచ్చి అద్దాలు దించుకుని ఎక్కినయ్యా?"

"ఏదో రెండు మూడు మిర్చి టిక్కీలు, నువ్వు చేలో ఉన్నప్పుడు యార్డుకి ఏసుకెళ్ళా. నీకు తెలుసనుకున్నా. తాళం అక్కే ఇచ్చేది."

గడపలో నాగజ్యోతి నిలబడి ఉంది. అంకమ్మరావు ఆమె వైపు చూశాడు.

"నీకు దగ్గొచ్చినప్పుడైనా చెప్పకపోయావా?"

"చెబితే మీరు వాణ్ణి గడప తొక్కనిస్తారా?"

అంకమ్మరావు బకెట్టుతో నీళ్ళు తెచ్చుకున్నాడు. బ్రష్షు ముంచి ముంచి కాయిలు కడిగాడు. ఎర్రనీళ్ళు వాకిట్లో పారాయి. పెట్టె బిగించి స్విచ్చి వేస్తే మొదటిరోజు లాంటి చల్లగాలి.

నాగజ్యోతి బొడ్లోంచి కారు రెండో తాళం తీసి అతని ముందు పట్టింది.

"నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

"కోపమొచ్చిందా?"

"తీసుకుంటే ఇంకోటి చేయిస్తావు."

ఆమె ముందు తలుపు మీద చెయ్యి వేసి, వెనక్కి తీసుకుంది. తాళం మళ్ళీ బొడ్లో దోపుకుని, అతని పక్కన కాక వెనక సీట్లో కూర్చుంది.