కలుపు పాటలో మిగిలిన చరణం

రైలు రేపల్లె దాటగానే పొలాల్లో ఆడవాళ్ళు వంగి కలుపు తీస్తున్నారు, ఎవరూ పాడడం లేదు, గట్టు మీద ఫోనులో ఏదో సినిమా పాట మోగుతోంది, మా ఇటలీ సిస్టరమ్మ ఉంటే ఈ కిటికీలోంచి చూసి, మా అమ్మ కూడా ఇంతే ప్రేమ్, మోకాళ్ళ దాకా నీళ్ళలో, అనేది, ఇటలీలో వరి పండుతుందా అని బాపట్ల హాస్టల్లో పిల్లలమంతా నవ్వేవాళ్ళం, ఇటలీ అంటే మాకు పోపుగారు, మంచు, అంతే, ఆవిడ మాత్రం గిటారు నా ఒళ్ళో పెట్టి, నా వేళ్ళు తీగల మీద నొక్కిపట్టి, వాళ్ళమ్మ వరిచేలో పాడిన కలుపు పాట నేర్పింది, ఆ చేతుల మీదే నిన్న సాయంత్రం మట్టి పోసి వస్తున్నాను.

ఆ పాటే నన్ను తెనాలి పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలోంచి బయటికి లాగింది, చెన్నై, గోవా, చివరికి ఇటలీ, అక్కడి పల్లెల్లో మూలపడ్డ పాటలు ముసలివాళ్ళ దగ్గర కూర్చుని పట్టుకున్నాను, అర్థాలు చెప్పడానికి పక్కన ఎప్పుడూ ఎవరో ఉండేవారు, ఆవిడ పుట్టిన ఊళ్ళో పాడితే జనం లేచి నిలబడ్డారు, ఇక్కడ చచ్చిపోయిన పాటని మీరు బతికించారంటున్నారండి అని ఓ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది, పేపర్లో కూడా అదే రాశారు, నేనూ నమ్మాను.

భట్టిప్రోలు వచ్చినట్టుంది, ఎవరో మరమరాలు అమ్ముతున్నారు, మొన్న రేపల్లె కాన్వెంటు నుంచి నర్సు కృపారాణి ఫోన్ చేసి, అన్నయ్యా, సిస్టరమ్మ తెలుగు మొత్తం మర్చిపోయారు, ఏదో అడుగుతున్నారు, ఏంటో తెలీడం లేదు, మీకు ఆ భాష వచ్చు కదా, ఒకసారి రండి అంది, వచ్చు అనే బయల్దేరాను, తీరా మంచం పక్కన కూర్చుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుని గబగబా ఏదో అడుగుతోంది, అమ్మ అన్న మాట ఒక్కటే అందింది, అందులో నా పాటల్లోని మాటలేవీ లేవు, ఏం చెయ్యాలో తోచక గిటారు తీసి కలుపు పాట మొదలుపెట్టాను, ఆవిడ నిమ్మళించింది, సన్నగా గొంతు కలిపింది, చరణం అయిపోయింది, నేను ఆపాను, ఆవిడ ఆపలేదు, నేనెన్నడూ వినని చరణంలోకి వెళ్ళిపోయింది, దుప్పటి మీద వేళ్ళు కలుపు పీకుతున్నాయి, కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, మధ్యలో ఆగి నావైపు చూసింది, అందుకో అన్నట్టు, నేను మళ్ళీ మొదటి చరణమే ఎత్తుకున్నాను, ఆవిడ తల అటు తిప్పేసుకుని ఏదో అంది, ఏమన్నారన్నయ్యా అని కృపారాణి అడిగితే, బాగుంది అన్నారమ్మా అన్నాను, తెల్లారేసరికి ఆవిడ లేదు, ఫోనులో రికార్డు చేశారా అని అందరూ అడిగారు, నా రెండు చేతులూ గిటారు మీదే ఉన్నాయి.

చిన్నప్పుడొకసారి, ఇంకా ఉందా సిస్టరమ్మా అనడిగాను, గొంతు సవరించుకుని, ఇంతే నాన్నా, అని కిటికీ వైపు తిరిగింది, పాట అంతే అనుకున్నాను ఇన్నేళ్ళూ, పాట అంతే కాదు, పసిపిల్లల ముందు ఏడవకుండా పాడగలిగింది అంతే, నేను ఊరూరా బతికించానని చెప్పుకుంటున్నది ఆవిడ దుఃఖం మొదలయ్యే చోటు వరకే, ఆ తర్వాతి పాటంతా ఆవిడ మా ఊళ్ళల్లో, ఇంతమంది మధ్య, ఒక్కతే పాడుకుంది.