నేను తోమిన సీసా

శుభ్రం గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. కడిగి బోర్లించిన గిన్నెనైనా మళ్ళీ తొలిచిగానీ అందులో నీళ్ళు పోయను.

డెబ్భై తొమ్మిది ఏప్రిల్‌లో పెర్ల్ నది పొంగింది. జాక్సన్ ఊరి బయట మా కొత్తింటి గడప దాకా వచ్చి ఆగింది గానీ, పెరట్లోని బోరుబావిని ముంచేసింది. నీళ్ళలో బాక్టీరియా లేదని పరీక్షలో తేలేదాకా తాగొద్దన్నారు హెల్త్ డిపార్ట్‌మెంటు వాళ్ళు. పాపని తీసుకుని మా స్నేహితులు దామోదర్, ఉషా దంపతుల అపార్ట్‌మెంటుకి చేరాం. పాప అన్నప్రాసన దగ్గర పడుతోంది. మా ఇంట్లో, మా నీళ్ళతో వండిన పరమాన్నమే దాని నోట్లో పెట్టాలని నా పంతం.

మా ఆయన యోగానంద్ బోరులో బ్లీచ్ పోసి, మర్నాడు వాసన పోయేదాకా కుళాయిలన్నీ వదిలారు. హెల్త్ డిపార్ట్‌మెంటు ఆఫీసువాళ్ళిచ్చిన సీసాలో నీళ్ళు పట్టి ఇచ్చాం. రెండు రోజులకి ఫలితం వచ్చింది. బాక్టీరియా ఉంది.

"బ్లీచ్ మెజర్ చేశారా, చేతికొచ్చినట్టు వొంపారా?" అన్నాను.

"మెజర్ చేసే పోశాను శశీ. టెస్ట్‌లోనే ఏదో తేడా ఉందేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!"

పాపం, నడుంనొప్పితోనే మళ్ళీ పోశారు. మళ్ళీ అదే ఫలితం. ఇంజనీరై ఉండి ఒక్క బోరు బాగుచెయ్యలేరా అని ఉషా ఎదుటే అనేశాను.

అన్నప్రాసన ఇంక నాలుగు రోజులుందనగా, మూడో సీసా కోసం నేనే ఆ ఆఫీసుకి వెళ్ళి కౌంటర్లో ఉన్న పెద్దావిడ మీద విరుచుకుపడ్డాను.

"మీ సీసాలే బాగోలేవు. అడుగున తెల్లపొడి! స్పాంజితో తోమి, లోపలంతా గుడ్డతో తుడిస్తేగానీ శుభ్రపడలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "హనీ, అవి స్టెరిలైజ్ చేసిన సీసాలు. ఆ పొడి క్లోరిన్‌ని విరిచే మందు. లోపల వేలు కూడా పెట్టకూడదు. ఆ బాక్టీరియా మీ స్పాంజిదేమో!"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి, "ఈసారి మీరే పట్టండి, సీసా తొలవొద్దు" అని మాత్రం అన్నాను. ఆయన పడుతున్నంతసేపూ నా చేతుల్ని ఆపుకోలేక చచ్చాను. శుక్రవారం ఫలితం వచ్చింది. బాక్టీరియా లేదు!

ఆదివారం పాప పరమాన్నం చప్పరించి, ఇంకా కావాలని చెంచా పట్టుకుంది. అందరూ నవ్వారు. ఉషా ఎదుట తిట్టాను కాబట్టి ఉషా ఎదుటే ఒప్పుకోవాలనుకుని, జరిగిందంతా చెప్పేశాను.

"నువ్వు తోముతుంటే రెండుసార్లూ చూశాను" అన్నారాయన.

"మరి చెప్పలేదేమండీ?"

"నువ్వు తోమిన సీసాలో మురికి ఉంటుందని ఎవరికి తడుతుంది? నేనే ఎక్కడో బ్లీచ్ తక్కువ పోశాననుకున్నాను."

ఉషా పకపకా నవ్వింది. నాకు మాత్రం సిగ్గేసింది. అందులో సగం నమ్మకమైనా నేను ఆయన మీద పెట్టలేదు.